డొక్క మీద చెయ్యి

ఈసారి మా గుడి పండగలో బండలాగుడు పందెం మొదలయ్యే ముందు, మైకులో ఆయన పేరు చదివి అందరినీ రెండు నిమిషాలు మౌనంగా నిలబడమన్నారు. పేరు వినగానే ఎవరి గురించో అనుకున్నాను. రెంటచింతలలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. నాకు పెద్దయ్య, మిగతా ఊరికి గిత్తలాయన. పందెపు గిత్తల్ని సాకటం ఆయన పని. మైకులో విన్న పేరు ఇక్కడ రాయబుద్ధి కావటం లేదు. అది ఆయనది కాదేమో అన్నట్టుంది.

తలపాగాలు తీశారు. బరి మధ్యలో బండ, దాని ముందు కాడి కింద గిత్తల జత. అవి కూడా కదలకుండా నిలబడ్డాయి. నేను నిలబడలేకపోయాను. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాను. వాచీ చూసుకున్నాను. పరలోక జపం మొదలుపెట్టి సగంలో, సాయంత్రం పక్క ఊళ్ళో చెప్పాల్సిన ప్రసంగం గుర్తొచ్చి దాన్ని పట్టుకుని పోయాను. రెండు నిమిషాలు కాకముందే జనంలోంచి పక్కకి జరిగాను. ఆయన ఉంటే ఏమనేవాడో తెలుసు. "ఏందిరా కోడే, కాలుగాలిన పిల్లిలాగా. నిలబడు."

మనుషుల్ని కూడా ఆయన గిత్తల్ని పిలిచినట్టే పిలిచేవాడు. పందెంలో గిత్తల వయసు పళ్ళను బట్టి కడతారు. పాలపళ్ళవి ఒక వరస, రెండు పళ్ళవి ఒక వరస, ఆపైన నాలుగు, ఆరు. అప్పట్లో మా గుడికి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్‌గారు ఆయన దృష్టిలో రెండుపళ్ళ సామి. "గొంతు బాగుంది, పొదుపు తెలవదు" అని తీర్పు. మా నాన్న ఆరుపళ్ళది, ముకుతాడు గుంజినా తిరగదు. నేను పాలపళ్ళ కోడెని. ఆయన భార్య, పెద్దమ్మ, ఒకసారి నా ఎదురుగానే దెప్పింది.

"ఊళ్ళో గొడ్లన్నిటి పళ్ళూ చూస్తావు. నా మొహం ఒక్కనాడన్నా చూశావా?"

"నీ పళ్ళు చూడాల్సిన పనేముందే. నోరు మూస్తే గదా, కనపడకపోవటానికి."

పందెం జరుగుతున్నప్పుడు ఆయన బరి వైపు చూసేవాడు కాదు. తను సాకిన గిత్తలు బండ లాగుతుంటే, ఊరంతా ఈలలేస్తుంటే, బరికి వీపు పెట్టి చుట్ట నలుపుకుంటూ కూర్చునేవాడు. పందెం అయిపోయి, కాడి దించి, జనమంతా బహుమతి దగ్గరికి ఎగబడ్డాక లేచేవాడు. గిత్త పక్కన చేరి డొక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు. ఊపిరి ఎంతసేపటికి దిగుతుందో చూడటం అది. అది దిగేదాకా నీళ్ళు పెట్టనిచ్చేవాడు కాదు, ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. దూరం నుంచి చూసినవాళ్ళు జపం చేసుకుంటున్నాడనుకునేవాళ్ళు.

"లాగేటప్పుడు లోకమంతా చూసిద్దిరా. లాగినాక చూసేవాడే సాకేవాడు" అనేవాడు.

గుడిలో మాత్రం ఆయన జపం చేస్తున్నాడో లేదో తెలిసేది కాదు. మా గుడి గోడల మీద సిలువ మార్గం పటాలు పద్నాలుగు ఉంటాయి. ఆయన ఎప్పుడు వచ్చినా తొమ్మిదో పటం కింద నిలబడేవాడు. ఏసునాథుడు సిలువ కింద మూడోసారి పడిపోయిన పటం అది. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో శుక్రవారాలు అందరం ఒక్కో పటం దగ్గర మోకరిస్తూ చివరిదాకా వెళ్తే, ఆయన తొమ్మిదో దాని దగ్గరే ఆగిపోయేవాడు. మా నాన్న అప్పట్లో ఊరి ఉపదేశి. జపాలు చెప్పించటం, పిల్లలకి సత్యోపదేశం నేర్పటం ఆయన పని. ఒక శుక్రవారం ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏందన్నా, ఆ గోడ పడిపోద్దని కాపలా కాస్తన్నావా? ఇంకో అయిదు పటాలున్నాయి ముందర."

"మీరు పోయి రాండి. నేనీడుంటా."

బద్ధకమని నాన్న అనుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను.

ఇది ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై ఒకటి. ఇంటరు తప్పి పోలీసు ఉద్యోగం మీద మనసు పెట్టుకున్నాను. గుంటూరులో ఎంపిక, అందులో మొట్టమొదటిది అయిదు కిలోమీటర్ల పరుగు. గడువులోగా చేరకపోతే అక్కణ్ణుంచే ఇంటికి. ముందటేడు సగం దూరంలో డొక్క పట్టుకుని కూలబడి తిరిగొచ్చాను. ఈసారి కూడా రాకపోతే మాచర్ల నాపరాళ్ళ క్వారీలో పనికి పెడతానని నాన్న చెప్పేశాడు. ఆయన ఒకసారి చెబితే చెప్పినట్టే.

క్రిస్మస్ అయిన మర్నాడే మొదలుపెట్టాను. తెల్లవారుతుండగా కాలువ కట్ట మీద. మొదటి రోజు కరెంటు స్తంభాలు అయిదు దాటేసరికి నోట్లో ఇనుప రుచి వచ్చింది. వారానికి మొదటి తూము దాకా పోగలిగాను, నెలకి రెండో తూము. ఆరు వారాలకి లాకుల దాకా ఆగకుండా పోయి ఆగకుండా వచ్చాను. లాకుల గోడని అరచేత్తో చరిచి వెనక్కి తిరిగిన ఆ పొద్దున, ఇది దేవుడి చిత్తమేనని నాకు తేలిపోయింది.

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం వచ్చింది. నుదుట బూడిదతో పీఠం ముందు మోకరించి మొక్కుకున్నాను. నలభై రోజులూ మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టను. నలభై రోజుల్లో ఒక్క రోజు పరుగు మానను, ఆదివారం కూడా. మిగతాది నీ చేతిలో పని, అన్నాను. అది మొక్కు అనుకున్నాను గాని, ఇప్పుడు తలుచుకుంటే సంతలో బేరంలాగే ఉంది.

రెండో వారంలో ఊపిరి తగ్గటం మొదలైంది. లాకులు కనపడుతుండగానే ఆగిపోయాను. మూడు రోజుల తర్వాత లాకులు కనపడనే లేదు. కాళ్ళు తడిసిన గోతాల్లా ఉండేవి. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. రాత్రిళ్ళు ఒళ్ళు తిమ్మిరెక్కి అటూ ఇటూ దొర్లేవాణ్ణి. ముందు కష్టపడితే పెరిగింది, ఇప్పుడు ఇంకా కష్టపడితే తగ్గటమేమిటి? నాకు తెలిసిన జవాబు ఒక్కటే. ఏదో పాపం అడ్డుపడుతోంది. పదిహేను రోజుల్లో మూడుసార్లు ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవటానికి, పాపసంకీర్తనానికి వెళ్ళాను. మూడోసారి ఫాదర్‌గారే విసుక్కున్నారు. "ఇవన్నీ పోయినవారం చెప్పావు గదా నాయనా. కొత్తవేమన్నా ఉంటే చెప్పు." కొత్తవి లేవు. అందుకని సాయంత్రం రెండో పరుగు కలిపాను. ఊపిరి ఇంకా తగ్గింది.

నాలుగో వారంలో ఒక పొద్దున, రెండో తూము చేరకముందే కట్ట మీద కూలబడి పచ్చటి పసరు కక్కుకున్నాను. తల ఎత్తేసరికి నాలుగు గిట్టలు, వాటి పక్కన ఒక జత కిర్రు చెప్పులు.

"ఏందిరా కోడే, పొద్దున్నే ఈడ పడ్డావు?"

పెద్దయ్య కొత్తగా తెచ్చిన పాలపళ్ళ గిత్తని నడిపించుకుంటూ వస్తున్నాడు. జవాబు కోసం చూడలేదు. నా పక్కన కూర్చుని చొక్కా పైకి లాగి డొక్క మీద చెయ్యి పెట్టాడు. గరుకు చెయ్యి. ఉలవల వాసన, ఆముదం వాసన. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత బొటనవేలితో నా తొడ నొక్కాడు. అరిచాను.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా?"

"రెండు వారాల పైనే. ముందు లాకుల దాకా పోయేవాణ్ణి పెద్దయ్యా. ఇప్పుడు ఈ తూము కూడా రావటల్లా."

"ఎన్నిరోజులకోసారి ఆపుతావు?"

"ఆపను."

"ఆదివారం?"

"ఆదివారం కూడా."

"ఏం తిని వస్తావు?"

"తినను. తపస్సు కాలం గదా. నీళ్ళు కూడా మధ్యానమే."

ఆయన నా వంక చూడలేదు. గిత్త వంక తిరిగి దానితో అన్నాడు. "ఇన్నావంట్రా. నిన్ను ముందు సాకినోడే మేలు. ముల్లుకర్రతో పొడిచినా గడ్డన్నా ఏశాడు."

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. గిత్త మెడ కింద గోకుతూ చెప్పుకుపోయాడు.

"దీన్ని ఎడ్లపాడు కాడ కొన్నా. మొదటి నెల రోజురోజుకీ బరువు పెంచినా లాగిందంట. రెండో నెల ఉన్నట్టుండి చతికిలపడింది. మొరాయిస్తందనుకుని వాడు పొడిచాడు. ఇంకా పడింది. అది మొరాయింపు కాదురా. మొదటి నెల లాగేది ఊపిరి, ఉబలాటం. అయి తొందరగా తెరుచుకుంటయ్యి. ఎముక, నరం, కీలు, అయి నిదానం. ఎనకమాల కుంటుకుంటా వస్తంటయ్యి. నాలుగు రోజులు వదిలితే వచ్చి కలుస్తయ్యి. వదలకుండా బాదితే, ఉన్న ఊపిరి కూడా చచ్చిద్ది. పైగా ఎండ ముదిరింది. చలికాలపు పరుగు ఈ ఎండలో ఏడనుంచి వచ్చిద్ది?"

"ఎద్దుకి మొక్కుబడి ఉండదు పెద్దయ్యా. నాది దేవుడి ముందు పెట్టిన మాట."

"దేవుణ్ణి అడిగావు, బానే ఉంది. కాళ్ళనడిగావా?"

కోపంగా లేచి పరుగెత్తాను. ఆయన చూస్తుండగా వంద గజాలు కూడా పోలేదు. మోకాళ్ళ మీద పడ్డాను. ఆయన తొందరపడకుండా గిత్త నడకతోనే వచ్చి, పక్కన నిలబడి, కాలువ వైపు చూస్తూ మాట్లాడాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"నేనూ మొక్కానురా. ఒక కర్రి గిత్త ఉండేది నాకాడ. దాని మీద వచ్చిన బహుమతితో గుడికి గంట చేయిస్తానని మొక్కా. గురజాలలో లాగింది. మర్నాడు మాచర్లలో లాగింది. నోట నురగ చూశా. దేవుడి పని గదా, ఆయనే చూసుకుంటాళ్ళే అనుకున్నా. మూడోనాడు మన గుడి ముందే కట్టా. సగం బరిలో ముందుకాళ్ళ మీద పడింది. లేపా. మళ్ళా పడింది. లేపా. మూడోసారి పడింది."

గిత్త తల విదిలిస్తే గంటలు మోగాయి. ఆయన పలుపు చేతికి చుట్టుకున్నాడు.

"ఆ తొమ్మిదో పటం ఉందే. ఆయన లేచాడు. లేవబట్టే పదో పటం ఉంది. నాది లేవలా."

ఇంటికి వచ్చి నాన్నకి చెప్పాను. గిత్తలాయన మాట విని మొక్కు తప్పుతావా అని కేకలేస్తాడనుకున్నాను. నాన్న కేకలెయ్యలేదు. తొమ్మిదో పటం సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది.

"కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని మోషే చేత చెప్పించినవాడు, నీ మూతికి నువ్వే కట్టుకుంటే మెచ్చుకుంటాడా?" అన్నాడు. "ఏడో రోజు మనిషికే కాదు, ఎద్దుకి కూడా సెలవిచ్చాడాయన. నువ్వు అది కూడా పరిగెత్తావు."

"మరి మొక్కు నాన్నా?"

"నీకు తిండి మానటం తేలిక. పరుగు మానటమే చేతకాదు. ఏది చేతకాదో అదే ఉపవాసం. పది రోజులు అది మాను."

ఆ రాత్రి ఏలియా ప్రవక్త గుర్తొచ్చాడు. ఆయన రాజు రథానికి ముందు పరుగెత్తినవాడు. ఆ తర్వాత అడవిలో ఒక చెట్టు కింద పడి, ఇంక చాలు, నా ప్రాణం తీసుకోమన్నాడు. దేవదూత వచ్చి ఒక్క మాట కూడా తిట్టలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. మేమంతా ఆయన జపానికి ఆకాశం నుంచి నిప్పు దిగిన చోటే ఆగిపోయేవాళ్ళం. చెట్టు దాకా ఎవరం వెళ్ళలేదు.

ఆ పది రోజులు నా జీవితంలో చాలా పొడుగు. పెద్దయ్య పొద్దున్నే గిత్త పలుపు నా చేతికిచ్చేవాడు. పరుగు లేదు, నడకే. ఆ గిత్తకి అప్పటికే ఒంట్లోకి సత్తువ వస్తోంది, ముందుకి గుంజేది. దాన్ని ఆపి నడిపించటం నా పని. నా కాళ్ళు దానికంటే ఎక్కువ గుంజేవి.

"ఇద్దర్లో ఎవరికి ముకుతాడు ఎయ్యాలో అర్థం కావటల్లా" అనేవాడు.

నడక అయ్యాక పెద్దమ్మ ఉడికిన ఉలవల్లో బెల్లం కలిపి గిన్నెలో పెట్టేది. "గిత్తకి పెట్టేదేలే, తిను. కొమ్ములేం రావు."

అయిదో రోజు ఆగలేకపోయాను. ఎవరూ లేవకముందే కట్ట మీదికి పోయి మొదటి తూము దాకా పరుగెత్తి, కాళ్ళు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఆయన కొట్టం ముందుకి వెళ్ళాను. ఆయన డొక్క మీద చెయ్యి పెట్టాడు.

"పోయొచ్చావు."

"లేదు పెద్దయ్యా."

"నోరు చెప్పేది నోరు చెప్పిద్ది. దీనికి అబద్ధం రాదు. ఇయ్యాల్టి నుంచి మళ్ళా ఒకటి."

తిట్టినా బాగుండేది. మళ్ళీ ఒకటి నుంచి పది దాకా నడిచాను. ఆ తర్వాత పరుగు మొదలుపెట్టించాడు. రెండు రోజులు పరుగు, ఒకరోజు నడక, ఆదివారం పూజకి పోయి ఊరుకోవటం. "ఇంకా పోవాలనిపించేటప్పుడే ఎనక్కి తిరగాలి. ఇంక చాలనిపించినాక తిరిగేవాడు సగం దారిలో పడతాడు" అనేవాడు. ఈస్టరు ముందు రోజు లాకుల గోడని మళ్ళీ చరిచాను. ఆయన అక్కడ లేడు. కట్ట కింద, కాలువకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

ఈస్టరు వెళ్ళాక గుంటూరులో ఎంపిక. పొద్దున బండికి ఆయన కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. మైదానం గేటు బయట, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గడువు ఇంకా మిగిలి ఉండగానే నేను గీత దాటాను. బయటికి వచ్చి ఆయన ముందు నిలబడితే, అంతమంది జనంలో చొక్కా ఎత్తి డొక్క మీద చెయ్యి పెట్టాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన కళ్ళు తెరవలేదు.

"దిగింది. ఇప్పుడు తాగు నీళ్ళు."

మధ్యాహ్నం ఛాతీ కొలతలో నన్ను తీసేశారు. టేపు నా మాట వినలేదు. తిరుగు బండిలో నేను ఏడుస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ, "లాగిందా లేదా చూడాలి గాని, రొమ్ము కొలిచేదేందిరా. గొడ్లకన్నా అన్యాయంగా చూస్తన్నారు" అన్నాడు. ఏడుపులో నవ్వొచ్చింది.

క్వారీకి మాత్రం పోలేదు. నాన్నకి చూపు తగ్గింది. ఆయన చేసే పని నేను అందుకున్నాను. ఇప్పుడు ఉపదేశిని నేనే. ఒక సైకిలు, ఏడు ఊళ్ళు. తపస్సు కాలంలో ఒక్కో ఊళ్ళో ధ్యానకూటం, ఒక్కో రోజు రెండు ప్రసంగాలు. మంచి పనే. దేవుడి పనే. అందుకే ఆపబుద్ధి కాదు.

ఈ ఏడు తపస్సు కాలంలో ఆయన మంచం పట్టాడని తెలిసి, దారిలోనే కదా అని ఆగాను. సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద. ఆయన వాకిట్లో మంచం మీద ఆయాసపడుతున్నాడు.

"రేపు వస్తా పెద్దయ్యా. ఇప్పుడు కూటానికి పోవాలి."

"ఎన్నోది?"

"ఈ వారంలో ఇది మూడో ఊరు."

"మూడోది చూసుకోరా" అన్నాడు. చెయ్యి చాచాడు.

దీవించటానికనుకుని దూరం నుంచే తల వంచి పెడలు తొక్కాను. ఆ చెయ్యి చాచింది నా తలకి కాదనీ, డొక్కకనీ ఊరి పొలిమేర దాటాక తట్టింది. వెనక్కి తిరగలేదు. రేపు అనేది ఆ వారమంతా రాలేదు. నేను మూడో ఊళ్ళో ఉండగా ఆయన పోయాడు. తిరిగొచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. క్షమించమని పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంటే ఆమె అంది, "నీ గురించి ఏం అడగలేదులే. గిత్తకి నీళ్ళు ఎప్పుడు పెట్టారని అడిగాడు. అంతే."

ఈసారి పందెంలో ఆ రెండు నిమిషాల మౌనం అయిపోయింది. ఈలలు మొదలయ్యాయి. గిత్తలు బండ లాగాయి. నేను బరికి వీపు పెట్టి నిలబడటానికి ప్రయత్నించాను గాని రెండుసార్లు తిరిగి చూశాను. ఆఖరికి కాడి దించారు. జనం మైకు వైపు పోయారు. సాయంత్రం ప్రసంగానికి అప్పటికే ఆలస్యమవుతోంది, సైకిలు గుడి గోడకి ఆనించి ఉంది. నేను జతలో ఒక గిత్త పక్కన చేరి డొక్క మీద చెయ్యి పెట్టాను. నా అరచెయ్యి కింద అది కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది.

గిత్త యజమాని కుర్రవాడు బకెట్టు పట్టుకుని వచ్చాడు. "ఏంది ఉపదేశిగారూ, కొంటారా ఏంది?"

తల అడ్డంగా ఊపాను. లెక్క తప్పిపోతుందని మాట్లాడలేదు. అతను కాసేపు చూసి బకెట్టు ముందుకి జరిపాడు. రెండో చేత్తో ఆపాను.

"ఇంకా దిగలా. కాసేపు ఆగు."